జాలరి భార్య చెప్పిన మాట

బహ్రెయిన్‌లో, అవాలి అనే ఊళ్లో ఆ ఇంట్లో పనికి చేరిన మొదటి రోజున పెద్దాయన నా చేతికొక మందుల చీటీ ఇచ్చి చదవమన్నారు. డాక్టరు రాసిన చీటీ. మందుల పేర్లు, ఏవి భోజనానికి ముందు, ఏవి తర్వాత, అడుగున ఒక హెచ్చరిక. గడగడా చదివేశాను. కాకినాడలో ఎనిమిదేళ్లు నర్సింగ్ హోంలో చేసినదాన్ని. డాక్టర్ల రాత నాకు కొత్త కాదు.

"ఇది చదివావంటే ఏదైనా చదవగలవు సిస్టర్," అన్నారు నవ్వుతూ. మేం మాట్లాడుకున్నదంతా ఇంగ్లీషులోనే. నాకు ఎలా వినబడిందో అలా తెలుగులో రాస్తున్నాను.

ఆయనది స్కాట్లాండ్. అప్పటికి వయసు ఎనభై నాలుగు. చమురు కంపెనీలో ఇంజనీరుగా బహ్రెయిన్ వచ్చి, రిటైరయ్యాక కూడా ఇక్కడే ఉండిపోయారు. భార్యని ఇక్కడి క్రైస్తవ శ్మశానంలో సమాధి చేశారు. ఆమెని వదిలి వెళ్లడం ఇష్టం లేదనేవారు. పిల్లలు లేరు. షుగరూ బీపీ ఉన్నా మనిషి గట్టిగానే ఉండేవారు. కళ్లే దెబ్బతిన్నాయి. చూపు నడిమధ్యన మసక కమ్మేసి, అంచుల్లో మాత్రం కాస్త కనబడేది. నా మొహం చూడాలంటే నా చెవి పక్కకి చూసేవారు. కుర్చీలూ తలుపులూ తగలకుండా ఇల్లంతా తిరిగేవారు గానీ అక్షరం ఒక్కటి చదవలేరు.

నాతో ఏం చదివించుకోవాలనుకున్నారో నెల తిరిగాక చెప్పారు.

ఆయన తాత జాలరి. స్కాట్లాండ్ ఈశాన్య తీరంలో ఒక చిన్న రేవు ఊరు వాళ్లది. ఈయన తండ్రికి మూడేళ్లప్పుడు ఆ తాత వేటకి వెళ్లి, తుఫానులో చిక్కుకుని మునిగిపోయాడట. శవం దొరకలేదు. తండ్రి పెద్దయ్యాక తనూ జాలరే అయ్యాడు. ఏటా శీతాకాలం మొదట్లో ఒక ఆదివారం రేవు గోడ చివరిదాకా నడిచి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, సముద్రం వైపు తిరిగి నిలబడేవాడు. కొడుకుని కూడా వెంట తీసుకెళ్లేవాడు.

"ఆ గాలికి చెవులు ఊడి పడతాయేమో అనిపించేది," అన్నారు పెద్దాయన. "నేను టోపీ తీసేవాణ్ణి కాదు. నాన్న ఏమీ అనేవాడు కాదు. తనొక్కడే తీసేవాడు."

సముద్రంలో పోయినవాళ్ల పేర్లు చెక్కిన రాయి ఒకటి ఆ రేవు దగ్గర ఉంది. దాని మీద తాత పేరు లేదు. చెక్కినవాడు మర్చిపోయాడని తండ్రి చివరిదాకా బాధపడ్డాడు. ఇప్పుడు ఆ రాయి అరిగిపోయిందని ఊరివాళ్లు కొత్తది పెట్టబోతున్నారు. పాతదాంట్లో ఎవరి పేరైనా తప్పిపోయి ఉంటే ఆధారం పంపమని ఉత్తరం రాశారు. పడవ పేరో, పోయిన రోజో, రిజిస్టర్లో నమోదో ఏదో ఒకటి కావాలి.

"నాన్న బతికుండగా జరగలేదు. నేను పోయేలోపల ఆ పేరు రాయి మీదకి ఎక్కించాలి సిస్టర్."

అలా మొదలైంది. పొద్దున్నే షుగరు చూసి, టిఫిన్ పెట్టి, పది గంటలకి ఇద్దరం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లం. స్కాట్లాండ్‌లో పదేళ్లకొకసారి తీసిన జనాభా లెక్కల పుస్తకాలూ, పుట్టుకల రిజిస్టర్లూ, మరణాల రిజిస్టర్లూ పేజీ పేజీ ఫొటోలు తీసి ఉంచారు. ఇంకు పేరుకుపోయిన సాగదీసిన రాత. మొదటి వారం రోజుకి రెండు పేజీలు చదవడం గగనమైంది. తర్వాత ఆ రాసిన గుమాస్తా చెయ్యి నాకు అలవాటైపోయింది.

ఆ ఊళ్లో ఉన్నవి నాలుగే ఇంటిపేర్లు. తాత పేరు మనవడికి పెట్టుకుంటూ పోయారు. ఒకే వీధిలో ఒకే పేరుతో ఆరుగురు. అందుకని రాసేవాళ్లు పేరు పక్కన మారుపేరు కూడా రాసేవారు. మా వైపు ఊళ్లలో పొట్టోడు, తూర్పింటోడు అంటారే, అలాగే. ఈయన తాత మారుపేరు ఒక నల్లటి సముద్రపు పక్షిది.

"ఆ పక్షికి మెడ పొడుగు," అని చెప్పి తన మెడ సాచి చూపించారు. "ఇదిగో, ఆస్తి నాకే వచ్చింది."

ఆ మారుపేరు పట్టుకునే తాతని కనిపెట్టాం. పాతికేళ్ల జాలరి, భార్య, ఏడాది నిండిన కొడుకు. ఆ కొడుకే ఈయన తండ్రి. ఆ వరస చదివినప్పుడు పెద్దాయన నా మణికట్టు పట్టుకుని మళ్లీ చదవమన్నారు. నాలుగుసార్లు చదివాను. ఆ రోజు మధ్యాహ్నం ఆయన నాకు టీ చేసి ఇచ్చారు. కప్పు నిండి సాసర్లోకి పొంగింది.

తాత భార్య పేరు ఎదురుగా వృత్తి అన్న గడిలో 'చేపల పని' అని ఉంది. అదేమిటని అడిగితే చెప్పారు. మన కవళ్లలాంటి చిన్న చేపలు కుప్పలుగా దిగే కాలంలో ఆడవాళ్లు రేవు నుంచి రేవుకి గుంపుగా వెళ్లి, నిలబడి వాటి పొట్టలు కోసి శుభ్రం చేసేవారట. కత్తికి తెగకుండా వేళ్లకి గుడ్డ పీలికలు చుట్టుకునేవారట. మా వీధిలోకి తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చే చేపలమ్మి చేతులు నాకు గుర్తొచ్చాయి. ఆమె వేళ్ల సందుల్లో తెల్లటి గీతలు ఉండేవి. ఆ మాట చెబితే ఆయన చాలాసేపు ఆమె గురించే అడిగారు.

అంతవరకూ సంతోషంగానే ఉన్నాం. తాత మునిగిపోయిన సంగతే దొరకలేదు. ఆ నాలుగైదేళ్ల మరణాలన్నీ వెతికాం. మునిగిన పడవల జాబితాలు, పాత పత్రికలు చూశాం. ఒక తుఫానులో పోయిన తొమ్మిది మంది పేర్లు దొరికాయి. అందులో ఇతను లేడు. ఇంకో పడవ, ఇంకో ఐదుగురు. అందులోనూ లేడు.

అప్పుడు పదేళ్ల తర్వాతి జనాభా లెక్క తెరిచాను. అదే ఊరు, అదే వీధి. ఇంటి పెద్ద అన్న చోట ఆవిడ పేరు. పదకొండేళ్ల కొడుకు. ఆవిడ పేరు పక్క గడిలో 'వితంతువు' అని ఉంది.

"చూశావా!" అని కుర్చీ చేతిమీద కొట్టారు పెద్దాయన. "ప్రభుత్వ పుస్తకంలోనే ఉంది. ఇంతకంటే ఏం కావాలి?"

ఆ గడి మీద నుంచి కళ్లు తిప్పుకోలేకపోయాను.

నా సంగతి ఇక్కడ చెప్పాలి. నా కూతురికి రెండేళ్లప్పుడు నా భర్త నెల్లూరులో పని దొరికిందని వెళ్లాడు. లారీల మెకానిక్. ఆర్నెల్లకి తెలిసింది, అక్కడ ఇంకొకామెతో కాపురం పెట్టాడని. నేను వెళ్లి గొడవ చేయలేదు. అప్పటిదాకా ఉన్న తుని వదిలేసి కాకినాడలో మా అక్క ఇంటికి వచ్చేశాను. కొత్త వీధి, కొత్త మనుషులు. మీ ఆయన ఏం చేస్తాడని మొదటిసారి ఎవరో అడిగినప్పుడు, పోయారండి అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. చనిపోయాడంటే ఒకసారి అయ్యో అని ఊరుకుంటారు. వదిలేసి పోయాడంటే రోజూ అడుగుతారు, నీలో ఏం తక్కువైందని రోజూ చూస్తారు. కూతుర్ని బళ్లో వేసినప్పుడు తండ్రి పేరు ముందు 'లేట్' అని రాశాను. అక్కకి తెలుసు. అక్క నోరు మెదపలేదు.

పాపకి ఎనిమిదేళ్లు వచ్చాక, మన ఇంట్లో నాన్న ఫొటోకి దండ ఎందుకు లేదని అడిగింది. పక్కింట్లో వాళ్ల తాత ఫొటోకి ఉందట. తనే తయారు చేస్తానంది. క్రేప్ కాగితం కత్తిరించి ఇమ్మంటే కత్తిరించి ఇచ్చాను. స్టూలు ఎక్కి తనే వేసింది. దిగి దణ్ణం పెట్టుకుంది. దాన్ని చూస్తూ పక్కనే నిలబడ్డాను.

కాబట్టి ఆ గడిలో 'వితంతువు' అన్న మాట చూడగానే, ఆ లెక్కలు రాసుకునే మనిషి గుమ్మంలో నిలబడి అడిగినప్పుడు ఆవిడ ఎలా చెప్పి ఉంటుందో నాకు కళ్లకి కట్టింది. నాకు అనుమానం వచ్చింది అని రాయలేను. నాకు తెలిసిపోయింది.

మర్నాడు ఆయన నిద్రపోతుండగా ఆ తీరం వెంబడి మిగతా రేవు ఊళ్ల పేజీలు చూడటం మొదలుపెట్టాను. నన్ను ఎవరూ చూడమనలేదు. ఆ పని ఎందుకు చేశానా అని ఇప్పటికీ అనుకుంటాను. ఐదో రోజున దొరికాడు. దక్షిణాన ఇంకో రేవు. అదే వయసు, పుట్టిన ఊరు అదే. భార్య ఉంది, ఇద్దరు పిల్లలున్నారు. పేరు ఒక్కటే అయితే ఇంకెవరో అనుకోవచ్చు. మరణాల రిజిస్టరు కూడా చూశాను. అక్కడ చనిపోయినవాడి తల్లిదండ్రుల పేర్లు కూడా, తల్లి పుట్టింటి పేరుతో సహా రాస్తారు. అవన్నీ సరిపోయాయి. పేరు పక్కన ఆ నల్లపక్షి మారుపేరు ఉంది. ఊరూ ఇల్లూ మార్చుకున్నా ఆ పేరు అతన్ని వదల్లేదు. ఊపిరితిత్తుల జబ్బుతో ఇంట్లో, మంచం మీద పోయాడు. అప్పటికి పెద్దాయన తండ్రికి ముప్పై నాలుగేళ్లు.

వారం రోజులు దాచాను. పాత పత్రికలు తిరగేస్తున్నట్టు నటించాను. ఒక పొద్దున బీపీ పట్టీ చుడుతుంటే ఆయన అన్నారు:

"సిస్టర్, నీకేదో దొరికింది."

"లేదు సార్."

"నీ మొహం నాకు కనబడదు. గొంతు వినబడుతుంది. చదువు."

చదివాను. మొదట జనాభా లెక్క, తర్వాత మరణాల రిజిస్టరు. మారుపేరు కూడా చదివాను. పట్టీ ఇంకా ఆయన చేతికే ఉంది. అది తీయాలని నాకూ తోచలేదు.

"ఏ ఊరన్నావు?"

మళ్లీ చెప్పాను.

"నాన్న ప్రతి వేసవీ ఆ రేవులోనే చేపలు దించేవాడు," అన్నారు. "ఆరు వారాలు అక్కడే ఉండేవాడు. అక్కడి జాలర్లతో కలిసి వలలు బాగుచేసుకునేవాడు. వాళ్ల పాటలు ఇంటికొచ్చి నాకు పాడేవాడు."

తర్వాత ఆయన ఏడ్చారు. శబ్దం లేదు.

కాసేపటికి ఏడుపు కోపంగా మారింది. తాత మీద కాదు, నానమ్మ మీద. "ఏటా ఆ ఆదివారం ఆవిడ కిటికీలోంచి చూస్తూ ఉండేది. నాకు గుర్తుంది. నాన్న టోపీ తీసి నిలబడటం చూస్తూ ఉండేది! ఒక్క మాట చెప్పలేదు. ఎందుకని? ఎలాంటి ఆడదానికి అది చేతనవుతుంది?"

"నాకు చేతనయింది సార్," అన్నాను.

అంతా చెప్పాను. దండ సంగతి కూడా చెప్పాను. ఆయన నా చెవి పక్కకి చూస్తూ విన్నారు, అంటే నా మొహం చూడాలని ప్రయత్నించారు. చివరికి లేచి, గోడ పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నారు.

రెండు రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. ఆ రెండు రోజులూ దగ్గర్లోని సఖీర్ రేసు మైదానం నుంచి కార్ల రొద వినబడుతూనే ఉంది. మందులిస్తే వేసుకున్నారు. అన్నం సగంలో వదిలేశారు. సరుకులు తెచ్చిపెట్టే డ్రైవరు, హైదరాబాదు భాయ్, వంటింటి గుమ్మంలో నిలబడి నెమ్మదిగా అడిగాడు: "ఏమైంది సిస్టర్? సాబ్ సలాం చెప్తే పలుకుతలేడు. తబియత్ మంచిగ లేదా?" వాళ్ల ఊళ్లో ఎవరో పోయారని చెప్పాను. ఒక రకంగా అది నిజమే.

మూడో రోజు ఆయనే పిలిచారు.

"నీ కూతురికెన్నేళ్లు?"

"పంతొమ్మిది."

"చెప్పు. కాగితం చెప్పకముందే నువ్వు చెప్పు. మా నాన్నకి ఎవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే వెళ్లి కొట్టేవాడో, కౌగిలించుకునేవాడో. ఏదైనా అది ఆయన ఇష్టం కదా."

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఫోను చేశాను. వీడియో వద్దన్నాను.

"ఏంటమ్మా, ఒంట్లో బాలేదా?"

"బానే ఉన్నాను. నీకో మాట చెప్పాలి. ఎంత కోపమైనా తెచ్చుకో, ఫోను మాత్రం పెట్టేయకు."

"చెప్పు."

"మీ నాన్న చనిపోలేదమ్మా. నెల్లూరులో ఉన్నాడు. నీకు రెండేళ్లప్పుడు మనల్ని వదిలేసి వెళ్లాడు."

అక్కడ కుక్కరు విజిల్ వేసింది. ఒకటి, రెండు.

"ఎప్పట్నుంచి?" అంది.

"ఏంటి ఎప్పట్నుంచి?"

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ."

"ఫొటోకి నేను దండ వేసినప్పుడు నువ్వు పక్కనే ఉన్నావు కదమ్మా."

"ఉన్నాను."

"కాగితం కత్తిరించి ఇచ్చింది నువ్వే."

"అవును."

తను ఫోను పెట్టేయలేదు. మా అక్క వచ్చి స్టవ్ కట్టేయడం, ఎవరే ఫోన్లో అని అడగడం వినిపించింది. పది నిమిషాలు అలా పట్టుకుని కూర్చుని, ఆఖరికి నేనే పెట్టేశాను.

ఇరవై రోజుల తర్వాత అక్క ఫోను చేసింది. పాప ఒక్కతే నెల్లూరు వెళ్లొచ్చిందట. అడ్రసు కోసం అక్కనే పీక్కుతింది, అక్క ఇచ్చేసింది. హైవే పక్కన అతనికి పంక్చర్లు వేసే కొట్టు ఉంది. కొట్టు ముందు నిలబడితే టైరు దగ్గర నుంచి తలెత్తి చూశాడట.

"ఏం కావాలమ్మా, బండి ఆగిపోయిందా?" అని అడిగాడట.

ఏం లేదండీ అని వచ్చేసిందట. అక్కడితో అయిపోయింది. తనెవరో చెప్పలేదు. అతను గుర్తుపట్టలేదు. రెండేళ్ల పిల్లని చూసినవాడు పంతొమ్మిదేళ్ల పిల్లని ఎలా గుర్తుపడతాడు అంది అక్క. ఇదంతా పాప నాకు చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

పెద్దాయనకి చెప్పాను. ఆయన తల వంచుకుని, "నేను చెప్పమన్నాను కదూ," అన్నారు.

"నేనే చెప్పాలి సార్. మీరు అనకపోయినా ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సిందే," అన్నాను. నిజంగా చెప్పి ఉండేదాన్నో లేదో నాకు తెలియదు.

ఊరివాళ్లకి ఉత్తరం నాతోనే రాయించారు. మా తాత సముద్రంలో పోలేదు, ఆయన పేరు పెట్టవద్దు, ఇంతకాలం అడిగినందుకు మా కుటుంబం తరఫున క్షమించండి. అంతే. దాని కింద సంతకం పెట్టడానికి ఆయన వేలు పట్టుకుని కాగితం మీద చోటు చూపించాను.

ఇంకొకటి మాత్రం వెతకమన్నారు. నానమ్మ మరణం. అది తొందరగానే దొరికింది. డెబ్బై రెండేళ్లకి పోయింది. మరణాన్ని నమోదు చేయించిన మనిషి కొడుకు, అంటే ఈయన తండ్రి. భర్త జాలరి, మరణించాడు అని ఆయనే చెప్పి సంతకం పెట్టాడు. ఆ పేజీ పెద్దగా అచ్చు వేయించి తెమ్మంటే, భాయ్ కారులో నగరంలోని హూరా పేటకి వెళ్లి గోడకి తగిలించేంత సైజులో తీయించాను. టేబుల్ మీద పరిచి, తండ్రి సంతకం ఎక్కడుందో అడిగారు. వేలు పెట్టించాను. మొహం పక్కకి తిప్పి, చూపు అంచుతో దాన్ని పట్టుకోవాలని చూశారు. కనబడలేదు. వేలు తీయకుండా అలాగే కూర్చున్నారు.

"నాన్న రాత ఇలాగే ఉండేదా?" అని నన్నే అడిగారు. నాకేం తెలుసు? అక్షరాలు ఎలా ఉన్నాయో చెప్పాను. మొదటి అక్షరం పెద్దది, చివరి అక్షరం కిందకి జారింది, కలం ఒకచోట గట్టిగా నొక్కారు అని.

"ఆవిణ్ణి తిట్టాను," అన్నారు కాసేపటికి. "తిట్టకుండా ఉండాల్సింది. ఒక్కతే చేపలు కోసి నాన్నని పెంచింది. అయినా నాన్న చలిలో నిలబడ్డది మర్చిపోలేకపోతున్నాను. రెండూ ఒకేసారి ఎలా భరించాలో నాకు తెలియడం లేదు సిస్టర్."

ఆ తర్వాత కంప్యూటర్ ముందు కూర్చోలేదు. పది గంటలవుతుంటే వరండాలోకి కుర్చీ లాక్కుని కూర్చునేవారు. నేను న్యూస్ చదివిపెట్టేదాన్ని. మరుసటి చలికాలంలో ఒక ఉదయం టీ తాగి, కప్పు నా చేతికిచ్చి, కుర్చీలో వెనక్కి వాలి వెళ్లిపోయారు. భార్య పక్కనే సమాధి చేశాం. పాత స్నేహితులు నలుగురు వచ్చారు. భాయ్, నేను. మట్టి వేసేటప్పుడు భాయ్ ఏడ్చాడు. నాకు ఏడుపు రాలేదు, ఇంటికొచ్చి ఆయన బీపీ పట్టీ మడత పెడుతుంటే వచ్చింది.

ఇప్పుడు హూరాలో ఇంకొకరి ఇంట్లో చేస్తున్నాను. మొన్న సెలవు మీద నెల రోజులు ఇంటికెళ్లాను. పాప డిగ్రీ చివరి సంవత్సరం. బస్టాండుకి వచ్చి నా పెట్టె అందుకుంది. బాగా చిక్కింది. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు. నేనేదో ఒకటి మాట్లాడుతుంటే ఊ అంటూ ముందు నడిచింది.

ఆ రోజు ముగ్గురం కింద కూర్చుని భోజనం చేస్తున్నాం. తను నాకు ఎదురుగా ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. నా కంచంలో కూర అయిపోయింది. తను అది చూసింది. అక్క వైపు తిరిగింది.

"పెద్దమ్మా, అమ్మకి చారు కావాలేమో అడుగు," అంది.

అక్క నా మొహం చూసింది. కావాలన్నాను. అక్క వడ్డించింది.